2022: నా చెవిలో నిలిచిన ఆవాజ్‌లు



సాల్ ఆఖరికొచ్చింది. ఏటా డిసెంబర్‌లో రాసే పాటల ఫెహ్రిస్త్ ఇదిగో. కొత్తగా చదివేవాళ్ళకు ముందే ఒక మాట. నాకు సరిగమలు రావు. రాగం పేరు చెప్పమంటే దిక్కులు చూస్తాను. మర్రిపాడు సెంటర్‌లో చిన్న సెల్‌ఫోన్ దుకాణం నాది. రీచార్జీలు, జెరాక్స్, ఇయర్‌ఫోన్లు, వాటితోపాటు పెన్‌డ్రైవుల్లో, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం. దుకాణం ముందు నుంచే నెల్లూరు-ముంబై రోడ్డు పోతుంది. ఇటు వెళ్తే ఆత్మకూరు, నెల్లూరు. అటు ఘాట్ ఎక్కి దిగితే బద్వేలు, ఆపైన కడప. ఘాట్‌లో సిగ్నల్ సరిగా దొరకదు. అందరి చేతిలో యూట్యూబ్ ఉన్న ఈ రోజుల్లో కూడా నా పాటల బేరం పూర్తిగా పడిపోలేదంటే ఆ ఘాట్ మెహర్బానీయే. లారీ డ్రైవర్లు, డి.సి.పల్లి వేలానికి పొగాకు తెచ్చే ట్రాక్టర్ల వాళ్ళు ఇంకా పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి "మంచివి ఎక్కించు భాయ్" అంటారు.

కాబట్టి పగలంతా పదిమందికి నచ్చిన పాట వింటాను. ఈ ఫెహ్రిస్త్‌లోకి మాత్రం అవి రావు. రాత్రి షట్టర్ దించి, లెక్క చూసుకుని, నా కోసం నేను మళ్ళీ పెట్టుకున్నవే ఇందులో ఉంటాయి. అదొక్కటే షర్త్.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా ఇంట్లో పాట మీద బహస్ ఉంది. అది దాచి ఈ ఫెహ్రిస్త్ రాస్తే సగమే రాసినట్టు.

నా తమ్ముణ్ణి ఛోటే అంటాం. ఏడాదిన్నరగా వాడు పాట వినడు. 2021 మేలో అబ్బాకు కరోనా వచ్చి నెల్లూరు ఆసుపత్రిలో ఉంటే, తొమ్మిది రోజులు పక్కనున్నది వాడే. ఆక్సిజన్ కోసం, ఇంజెక్షన్ కోసం ఎవరికి ఫోన్ కొట్టినా ముందు ఆ కరోనా జాగ్రత్తల రికార్డే మోగేది. మనిషి గొంతు వినడానికి అది అయిపోయేదాకా ఆగాలి. అబ్బా ఇంతెఖాల్ అయ్యాక వాడు మొదట రింగ్‌టోన్ తీసేశాడు. తర్వాత ఫోన్‌లో పాటలు తీసేశాడు. తర్వాత జమాత్ సాథీలతో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మా ఇంట్లో వాడున్న గదిలో టీవీలో పాటొస్తే బచ్చాలే గబుక్కున సౌండ్ తగ్గించేస్తారు.

వాడి వైపు ఉలమా ఉన్నారు. బాజాలు నాజాయిజ్ అన్న రివాయతులు ఉన్నాయి. నా వైపూ ఉన్నారు. ఇమామ్ గజాలీ ఇహ్యాలో సమా మీద ఒక పూర్తి బాబ్ రాసి, ఏ షర్తుల మీద వినొచ్చో చెప్పారు. చిష్తీ ఖాన్‌ఖాల్లో ఖవ్వాలీ లేని ఉర్సు ఉండదు. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియాను ఈ మసలా మీదే గియాసుద్దీన్ తుగ్లక్ దర్బార్‌లో ఉలమా ముందు జవాబ్ చెప్పమన్నారు. అంటే మా ఇద్దరి తగాదా మా ఇంట్లో పుట్టింది కాదు, ఏడొందల ఏళ్ళది. ఎవరూ గెలవలేదు. నేనూ గెలవాలని చూడను. ఒకసారి వాడే అన్నాడు: "భాయ్, పాట వింటే ఏడుపొస్తుంది. ఆ ఏడుపు నేను ముసల్లా మీద ఏడవాలి. పాటలో ఖర్చు చేసుకోలేను." ఫిఖహ్ కితాబులకు జవాబ్ వెతుక్కోవచ్చు గానీ, ఈ మాటకు నా దగ్గర జవాబ్ లేదు.

ఈ బహస్ వెనకాల పెట్టుకునే ఈ ఏడాది పాటలన్నీ విన్నాను. ఇక ఫెహ్రిస్త్.

గోసవీడు షేక్ హసన్ సాహెబ్ నాదస్వరం

జనవరి 25 రాత్రి పద్మ అవార్డుల పేర్లు వచ్చాయి. అందులో ఆంధ్రప్రదేశ్ నుంచి గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కు పద్మశ్రీ, మరణానంతరం. అప్పటికి ఆయన పోయి కొన్ని నెలలైంది. భద్రాచలం రామాలయంలో ఆస్థాన నాదస్వర విద్వాంసులుగా దశాబ్దాలు రాముడికి మేలుకొలుపు వాయించిన మనిషి. ఆ వార్త చూశాక నెట్‌లో ఆయన వాయించినవి వెతికాను. దొరికింది తక్కువ, అదీ గుడి మైకులో నుంచి రికార్డు చేసిన బొంగురు సౌండ్. అయినా రెండు రాత్రులు అదే విన్నాను.

మన తెలుగు నేల మీద నాదస్వరం సాయిబులది. ఇది మన బచ్చాలకు తెలియాలి. మనకు దగ్గర్లోనే, ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడ్డారు. నాదస్వరానికి పుట్టిల్లైన తమిళనాడులోనే ఉస్తాద్ అనిపించుకున్నారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మియాబీవీ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఊదుతుంటే చూడాలి. ఈ ఘరానాల్లో తాత ముత్తాతల నుంచి అదే పని. పొద్దున గుడిలో కచేరీ, ఇంటికొచ్చి నమాజ్. వాళ్ళకు అందులో ఏ ఉల్ఝన్ లేదు. ఉల్ఝన్ అంతా దూరంగా కూర్చుని చూసేవాళ్ళకే.

లతాజీ, ఒక దువా

ఫిబ్రవరి 6, ఆదివారం. తొంభై రెండేళ్ళ లతా మంగేష్కర్ ముంబైలో కన్నుమూశారు. ఆరోజు దుకాణంలో వేరే పాట పెట్టలేదు. హిందీ పాటలు అందరూ పెట్టారు. నేను మాత్రం 1955 నాటి సంతానం సినిమాలో సుసర్ల దక్షిణామూర్తి గారు ఆమెతో పాడించిన తెలుగు పాట, నిదురపోరా తమ్ముడా, వెతికి పెట్టాను. తెలుగు రాని గొంతు, తెలుగు తమ్ముణ్ణి పడుకోబెట్టే లోరీ. పలుకు అక్కడక్కడా తేడాగా ఉన్నా ప్యార్‌లో తేడా లేదు. నేను ఆ పాట ఎందుకు అన్నిసార్లు విన్నానో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది.

ఆ సాయంత్రం శివాజీ పార్క్‌లో జనాజా దగ్గర షారుఖ్ ఖాన్ రెండు చేతులెత్తి దువా చేశాడు. పక్కనే ఆయన మేనేజర్ చేతులు జోడించి నమస్కారం పెట్టింది. దువా అయ్యాక మాస్క్ దించి ఆయన ఊదాడు. అంతే, ఉమ్మేశాడని కొంతమంది మొదలెట్టారు. మన ఇళ్ళల్లో నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు, అది దమ్ చేయడమని. జ్వరమొచ్చిన బిడ్డ మీద నానీ ఏదో చదివి "ఫూ" అని ఊదితే దాన్ని ఎవరైనా ఉమ్మి అంటారా?

నాకు కోపం కంటే హైరత్ ఎక్కువైంది. ఎందుకంటే మన వైపు ఊళ్ళల్లో మగ్రిబ్ నమాజ్ అయ్యే వేళకు మస్జిద్ మెట్ల దగ్గర చూడండి. చంటిబిడ్డల్ని చంకనేసుకుని తల్లులు నిలబడి ఉంటారు. వాళ్ళల్లో ఎక్కువమంది హిందువులే. నమాజ్ చదివి బయటికొచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆ బిడ్డల ముఖం మీద ఊదిపోతారు. నేనూ ఊదాను, అబ్బా ఊదాడు. బిడ్డ దిష్టి పోయిందని ఆ తల్లి నవ్వుకుంటూ వెళ్తుంది. ముంబైలో జరిగింది కూడా అదే. తొంభై రెండేళ్ళ పెద్దావిడ మీద ఒకడు దమ్ చేశాడు. టీవీలో అరిచినవాళ్ళు ఒక్క సాయంత్రం ఆ మెట్ల దగ్గర నిలబడితే సరిపోయేది.

పసూరీ

లతాజీ పోయిన మర్నాడే, ఫిబ్రవరి 7న, పాకిస్తాన్ కోక్ స్టూడియో 14వ సీజన్ నుంచి పసూరీ వచ్చింది. అలీ సేఠీ, షే గిల్ పాడారు. సగం పంజాబీ. నాకు మాట మాటకూ అర్థం కాదు. మా లారీ డ్రైవర్లకు అసలే అర్థం కాదు. కానీ ఈ ఏడాది నా దుకాణంలో పేరు తెలియకుండా, కూనిరాగం తీసి చూపించి మరీ అడిగిన పాట ఇదొక్కటే. ఒకతను వచ్చి "అదే భాయ్, చప్పట్లు కొట్టే పాట" అన్నాడు. దొరికింది.

అలీ సేఠీ చెప్పిన కిస్సా ఒకటి ఉంది. పంజాబ్‌లో ఏదో ట్రక్కు వెనక రాసి ఉన్న ఒక మాట చూశాడట. పాట మొదలైంది అక్కడినుంచేనట. ఈ సంగతి మా డ్రైవర్లకు చెబితే మురిసిపోయారు. మనవాళ్ళ లారీల వెనక కూడా ఎన్ని మాటలుంటాయి! ఏదో ఒకరోజు ఎవరో ఒకరు వాటి మీద కూడా పాట కట్టకపోరు.

ఈ పాట పాడిన షే గిల్ గురించి ఇంకో మాట. మే 29న పంజాబ్‌లో సిద్ధూ మూసేవాలాను కాల్చి చంపేశారు. ఆ అమ్మాయి ఆయన కోసం దువా చేస్తూ రాసింది. వెంటనే ఒకరు తగులుకున్నారు, ముసల్మాన్ కానివాడి కోసం నువ్వు దువా ఎట్లా చేస్తావని. ఆమె నింపాదిగా జవాబిచ్చింది, తను ముసల్మాన్ కాదని, క్రిస్టియన్ అని. ఫిబ్రవరిలో ముంబైలో ఒక ముసల్మాన్ దువా చేస్తే అటువాళ్ళకు నచ్చలేదు. జూన్ వచ్చేసరికి పాకిస్తాన్‌లో ఇంకో దువా ఇటువాళ్ళకు నచ్చలేదు. పోయినవాళ్ళిద్దరూ పాట పాడినవాళ్ళే. వాళ్ళు పాడేటప్పుడు వింటున్నది ఏ కౌమ్ అని అడగలేదు.

తూ ఝూమ్, కనా యారీ

అదే సీజన్ జనవరి 14న తూ ఝూమ్‌తో మొదలైంది. ఆబిదా పర్వీన్, నసీబో లాల్. ఒకరు సూఫీ కలాంకు దునియా అంతా తల వంచే పేరు. ఇంకొకరు పంజాబీ సినిమాల్లో, స్టేజీల మీద మాస్ పాటలు పాడిన పేరు. షరీఫ్ ఇళ్ళల్లో ఆ పేరెత్తితే ముఖం ముడుచుకునేవాళ్ళు. ఇద్దర్నీ ఒకే పాటలో, ఒకే బరాబర్‌లో నిలబెట్టారు. విని చూడండి, ఎవరి గొంతు పాక్, ఎవరిది కాదు అని వేరు చేయగలరేమో. నేను చేయలేకపోయాను.

కనా యారీ బలోచీ పాట. ముగ్గురు పాడారు. కరాచీ ల్యారీ కుర్రాడు కైఫీ ఖలీల్, ముఖానికి నఖాబ్ వేసుకుని ర్యాప్ చేసే ఈవా బీ, బలోచిస్తాన్ పల్లెటూరి ఆవాజ్ అబ్దుల్ వహాబ్ బుగ్టీ. మా ఛోటే బిడ్డ, అంటే నా భతీజీ, ఈవా బీని చూసి "బడే అబ్బా, ఈమెను చూడు, నఖాబ్ తీయకుండానే ఎంత మాట్లాడుతోందో" అంది. ఆ పిల్ల ఆత్మకూరులో డిగ్రీ చదివింది. బురఖా వేసుకుని బస్సెక్కుతుంది. టీవీలో తనలాంటి పిల్ల కనబడటం దానికి అదే మొదటిసారి అనుకుంటాను. అదే ఏడాది వచ్చిన కైఫీ ఖలీల్ కహానీ సునో కూడా దాని ఫోన్‌లో నెలల తరబడి తిరిగింది, వాళ్ళ అబ్బాకు వినబడకుండా.

ఆగస్టులో పాకిస్తాన్‌లో వరదలు. బలోచిస్తాన్ పల్లెలు మునిగాయి. నీళ్ళు పారిన నేల మీద ఇల్లు పోగొట్టుకుని కూర్చున్న వహాబ్ బుగ్టీ, ఆయన బిడ్డల ఫొటోలు ఫోన్లలో తిరిగాయి. జనవరిలో కోట్లమంది ఆ గొంతు విన్నారు. ఆగస్టుకు తలమీద కప్పు లేదు. ఆ తర్వాత సాయం అందిందని చదివాను, అల్హమ్దులిల్లాహ్. పాట ఎంత దూరం పోయినా పాడినవాడి ఇల్లు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. పోయిన ఏడాది నవంబర్‌లో సోమశిల గేట్లు ఎత్తేసినప్పుడు పెన్న పొడుగునా మన ఊళ్ళు ఏమయ్యాయో చూసినవాళ్ళం. ఆ ఫొటో మనకు పరాయిది కాదు.

వల్చర్ ప్రిన్స్, అరూజ్ ఆఫ్తాబ్

ఆల్బమ్ అంటూ ఒకటి మొదటి నుంచి ఆఖరిదాకా కూర్చుని విన్నది ఈ ఏడాది ఇదొక్కటే. 2021లోనే వచ్చింది, నా చెవిలో పడింది మాత్రం ఇప్పుడు. ఏప్రిల్ 3న అమెరికాలో అందులోని మొహబ్బత్ పాటకు గ్రామీ వచ్చింది. పాకిస్తాన్ కళాకారులకు అది మొదటి గ్రామీ. మనకు ఆరోజే తొలి రోజా. రమజాన్‌లో నేనూ పాట పెట్టను, దుకాణంలో కూడా. ఖబర్ చదివి పక్కన పెట్టి, మే 3న ఈద్ అయ్యాక ఆ రాత్రి విన్నాను.

ఆ గజల్ రాసింది హఫీజ్ హోషియార్‌పురీ. మెహదీ హసన్ సాహెబ్ గొంతులో అబ్బా దగ్గర క్యాసెట్ ఉండేది. అరూజ్ దాన్ని నిదానం చేసింది. తబలా లేదు, హార్మోనియం లేదు. గిటారు తీగలు, మధ్యలో బోలెడంత ఖామోషీ. మొదటిసారి వింటే ఇదేంది, పాట ముందుకు పోవట్లేదే అనిపించింది. మూడోసారికి తెలిసింది, దుఃఖంలో ఉన్న మనిషి మాట్లాడేది అట్లాగే కదా. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవాలి. ఆ ఆల్బమ్‌ను ఆమె చనిపోయిన తన తమ్ముడికి అంకితం చేసిందని తర్వాత చదివాను.

అబ్బా పోయాక మా ఇంట్లో ఒకరు నమాజ్‌లో ఎక్కువసేపు కూర్చుంటున్నారు. ఇంకొకరు షట్టర్ దించి దుకాణంలో ఎక్కువసేపు కూర్చుంటున్నారు. ఈ ఆల్బమ్ విన్నాక ఆ ఇద్దరూ చేస్తున్నది వేరువేరు పనులని నాకు అంత గట్టిగా అనిపించడం లేదు.

రోడ్డు మీద పాటలు

ఇవి తొందరగా చెప్పేస్తాను. ఫిబ్రవరి 21న మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి హఠాత్తుగా పోయారు. ఆయన సొంతూరు మా మండలంలోని బ్రాహ్మణపల్లి. ఆ వారం మర్రిపాడులో ఒక్క ట్రాక్టర్ కూడా పాట పెట్టలేదు. జూన్ 23న ఆత్మకూరు ఉప ఎన్నిక. అప్పుడు మాత్రం ప్రచారం ఆటోలు రోజంతా తిరిగాయి. సినిమా బాణీలకు జెండా రంగు పూసి పాడే పాటలు. అవి ఫెహ్రిస్త్‌లోకి రావు, చెవిలోంచి పోవు.

మార్చి 25న ఆర్ఆర్ఆర్ వచ్చింది. నాటు నాటు కోసం పెన్‌డ్రైవ్ తేని డ్రైవర్ లేడు. 2022 డిసెంబర్‌లో అది ఆస్కార్ షార్ట్‌లిస్ట్‌లోకి వచ్చింది. నా పాట మాత్రం కొమురం భీముడో. సుద్దాల అశోక్‌తేజ రాశారు, కాలభైరవ పాడాడు. ఆ కథలో భీమ్ అఖ్తర్ అని పేరు పెట్టుకుని ఒక ముసల్మాన్ ఇంట్లో తలదాచుకుంటాడు. టీజర్ రోజుల్లో ఆ టోపీ మీద ఎంత గొడవైందో గుర్తుంది కదా. హాల్లో ఆ పాటకు ఏడ్చినవాళ్ళలో టోపీ గురించి ఎవరూ మాట్లాడలేదు.

మే 31న కోల్‌కతాలో స్టేజీ దిగిన కాసేపటికే కెకె పోయాడు. మలయాళీ మనిషి. 2001లో ఖుషి సినిమాలో ఏ మేరా జహా పాడినప్పుడు మేం కుర్రాళ్ళం. తెలుగు సినిమాలో మన ఇంటి జుబాన్ వినబడటం అప్పట్లో మాకు ఈద్ కింద లెక్క.

సీతారామం

ఆగస్టు 5న వచ్చింది. మా బేగం, అమ్మీ, భతీజీ ముగ్గురూ ఒకే సినిమాను మెచ్చుకోవడం ఈ ఏడాది జరిగింది ఇదొక్కసారే. సీతామహాలక్ష్మి అని సంతకం చేసి ఉత్తరాలు రాసిన అమ్మాయి అసలు పేరు నూర్జహాన్ అని తెలిసినప్పుడు అమ్మీ "హాయ్ అల్లా" అంది. ఇంకేం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం పేరు మార్చుకుని ఉత్తరం రాయాల్సినంత కష్టం ఆ పిల్లకు ఎందుకొచ్చిందా అని చాలాసేపు బాధపడింది.

విశాల్ చంద్రశేఖర్ సంగీతంలో ఇంతందం, ఓ సీతా హే రామా పాటల్లో చరణ్ గొంతు వింటే నెల్లూరు జిల్లా వాళ్ళకు వేరే దర్ద్. బాలు గారు మనవాళ్ళు. నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఆ ఇల్లుండేది. 2020 సెప్టెంబర్ 25న ఆయన పోయినప్పుడు మనలో చాలామంది కరోనా భయంతో ఇంట్లోనే ఏడ్చుకున్నాం. కొడుకు గొంతులో రెండుచోట్ల తండ్రి దాదాపు అట్లాగే వినబడతాడు, మిగతాచోట్ల చరణ్ చరణే. అది చాలు. ఇందులోనే కానున్న కళ్యాణం సిరివెన్నెల గారిది. 2021 నవంబర్ 30న ఆయన పోయారు. పాట మన దగ్గరికి వచ్చేసరికి రాసినాయన లేరు.

అమ్మీ పాట

ఈ ఏడాది మొదటి నంబర్ ఏ స్టూడియోలోనూ రికార్డు కాలేదు. నిడివి నాలుగు నిమిషాలు. వెనకాల గ్లాసుల చప్పుడు, ఒక పిల్లాడి ఏడుపు కూడా ఉన్నాయి.

నవంబర్‌లో భతీజీ నికా. ఛోటే ముందే చెప్పేశాడు. డీజే వద్దు, బ్యాండ్ వద్దు, ఢోలక్ కూడా వద్దు. ఫుప్పులు అలిగారు. మన దగ్గర షాదీ అంటే హల్దీ రాత్రి ఆడవాళ్ళు ఢోలక్ పెట్టుకుని కూర్చోవాలి. సమ్ధీల మీద గాలీలు పాడాలి, దుల్హన్‌ను ఏడిపించాలి. అవేవీ లేకపోతే అది షాదీనా, మీటింగా అని పెద్ద ఫుప్పు అడిగింది. నేను నోరెత్తలేదు. బిడ్డ వాడిది, మాట వాడిది.

ఫుప్పు ఊరుకోలేదు. మస్జిద్‌లో ఇమామ్ సాబ్‌ను అడిగించింది. షాదీలో ఆడవాళ్ళు వాళ్ళలో వాళ్ళు దఫ్ మీద పాడుకుంటే ఇజాజత్ ఉందని ఆయన హదీస్ చెప్పారు. ఆ సంగతి విని ఛోటే కాసేపు తలొంచుకుని కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే మోటార్‌సైకిల్ తీసి ఏ.ఎస్.పేట వెళ్ళాడు. రహమతాబాద్ దర్గా దగ్గర ఫకీర్లు వాయించే రకం దఫ్ ఒకటి తెచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా ఆడవాళ్ళ గదిలో పెట్టేశాడు.

ఆ రాత్రి అమ్మీ పాడింది. అబ్బా పోయాక అమ్మీ నోట పాట వినడం అదే మొదలు. అది తిరగలి పాట. మా నానీ జొన్నలు విసురుతూ పాడేదట. బాణీ కూడా తిరగలి తిరిగిన వేగంతోనే పోతుంది. ఒక చుట్టు, ఒక మాట. మాటలు సగం దక్కనీ, మధ్యలో అత్త, ఆడబిడ్డ, పుట్టిల్లు అని తెలుగు. ఎక్కడ ఒక జుబాన్ ఆగి ఇంకోటి మొదలైందో అమ్మీకే తెలీదు. మూడు నాలుగొందల ఏళ్ళ కింద బీజాపూర్ సూఫీలు ఆడవాళ్ళ కోసం దక్కనీలో చక్కీనామాలు రాశారు. తిరగలి పిడిని అలిఫ్ అక్షరంతో పోల్చి, విసురుతూ విసురుతూనే అల్లా పేరు తలుచుకునే పాటలు. అమ్మీ పాట అక్కడినుంచే వచ్చిందని నేను సాబిత్ చేయలేను. కానీ చక్కీ అదే, పని అదే, ఆ పని చేసే చేతులూ అవే.

మాటల మధ్యలో దుల్హన్‌కు దువా వస్తుంది. పిండి తెల్లగా రావాలి, బతుకు చల్లగా సాగాలి అన్నట్టుగా. ఆ చోట అమ్మీ గొంతు వణికింది. ఫుప్పులు అందుకున్నారు. దఫ్ కొడుతున్న పిల్ల లయ తప్పి మళ్ళీ పట్టుకుంది.

ఛోటే బయట కుర్చీలో కూర్చుని బిర్యానీ దేగ్‌ల లెక్క రాసుకుంటున్నాడు. ఇషా అయిపోయింది. కావాలంటే లేచి మస్జిద్ వైపు వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. పాట అయిపోయేదాకా లెక్క ఒక్క లైను కూడా ముందుకు పోలేదని పక్కన కూర్చున్న నాకు తెలుసు.

వలీమా అయిన రెండు రోజులకు దుకాణానికి వచ్చాడు. ఫోన్ కౌంటర్ మీద పెట్టాడు. "అమ్మీది నీ దగ్గరుందంట గదా భాయ్, ఎక్కించు" అన్నాడు. నేను మసలా మాట్లాడలేదు, నవ్వలేదు. వైర్ పెట్టి ఎక్కించాను. వాడి ఫోన్‌లో ఆడియోలు మొత్తం ఖుర్ఆన్ తిలావత్, బయాన్లు. వాటి మధ్య ఇప్పుడు ఇదొకటి. వాడు ఎప్పుడు వింటాడో నాకు తెలీదు. అడగను కూడా. పాట వినడం మీద మా ఇద్దరి రాయ్ ఇప్పటికీ వేరే. అమ్మీ ఆవాజ్ మీద వేరే కాదు.

ఒక అర్జీ

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి నానీలు, దాదీలు, ఖాలాలు ఉంటారు. లోరీ కావచ్చు, హల్దీ పాట కావచ్చు, నాత్ కావచ్చు, సమ్ధీల మీద తిట్ల పాట కావచ్చు. ఏ యూట్యూబ్‌లోనూ దొరకవవి. ఈ కొత్త ఏడాదిలో ఒక్కటైనా రికార్డు చేయండి. దుకాణదారుడిగా నాకు తెలిసింది చెబుతాను. ఫ్యాన్ ఆపండి. ఫోన్‌ను స్టీలు బల్ల మీద కాకుండా దిండు మీద పెట్టండి. మొహం ముందు పెట్టి భయపెట్టకండి. పాట అయ్యాక ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరిది, ఏ పని చేస్తూ పాడేవాళ్ళు అని అడిగి, ఆ జవాబ్ కూడా అదే రికార్డులో ఉంచండి. తేదీ పేరుగా పెట్టండి. ఒకే ఫోన్‌లో ఉంచకండి. ఫోన్లు పోతాయి, నా దుకాణం సగం దానిమీదే నడుస్తుంది.

మీ ఇంట్లో బాజా వద్దనేవాళ్ళుంటే బహస్ పెట్టుకోకండి. బాజా లేని పాటే అడగండి. మన పెద్దవాళ్ళ దగ్గర ఉన్నవి చాలావరకు అవే.

మీ ఫెహ్రిస్త్ కూడా రాయండి. నేను వినని పాట ఒక్కటి చెప్పినా మీ ఎహసాన్ మర్చిపోను. పోయినవాళ్ళందరికీ, మనవాళ్ళకూ మనవాళ్ళు కానివాళ్ళకూ, ఒక దువా చేయండి. అబ్బాను కూడా యాద్ పెట్టుకోండి.

ఖుదా హాఫిజ్.